నిప్పుకోడి గ్రుడ్డును దోచిన జీవులు

నిప్పుకోడి యనగానే మన మనస్సులకు ఆఫ్రికా ఖండపు బయళ్ళు స్ఫురించును. ఒంటెను బోలిన మెడ, కాళ్ళు ఉండుటచేత దీనికే ఉష్ట్రపక్షి యనియు పేరు కలదు. దొరకిన దానినెల్ల, తుదకు నిప్పుకణికలను సైతము, ఈ పక్షి మ్రింగుననెడు పాతకాలపు నమ్మికయే మన తెలుగు పేరునకు మూలమై యుండును. జంతుప్రదర్శనశాలకు పోయినప్పుడు దీనిని చూపి, ఇది దూరదేశపు వింత పక్షి యని పిల్లలకు చెప్పుట మనకు అలవాటు. అయితే ఈ పక్షి ఒకానొక కాలమున మన నేల మీదనే తిరిగినది. మన నేల మీదనే గ్రుడ్లు పెట్టి పొదిగినది. ఆ గ్రుడ్లకై పొంచి యుండిన జంతువుల జాతులు కొన్ని నేటికిని రాయలసీమ మెట్టలలో సంచరించుచునే యున్నవి. ఇంటి యజమాని ఇల్లు విడిచిపోయిన పిదప గూడ పిలువని చుట్టములు మిగిలినట్లున్నది ఈ సంగతి. ఆ చుట్టముల చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమునకు చెందిన పురావస్తు శాస్త్రజ్ఞులు, దేవర అనిల్ కుమార్ గారి నాయకత్వమున, విదేశీ పరిశోధకులతో కలిసి ప్రకాశం జిల్లాలో త్రవ్వకములు జరిపిరి. అందు బయల్పడిన యొక గూటి వార్త 2024వ సంవత్సరమున లోకమునకు తెలిసినది. ఒక మంచము పట్టునంత చోటులో సుమారు 3,500 పెంకు ముక్కలు దొరకినవి. అవి 9 మొదలు 11 వరకు గ్రుడ్లకు చెందినవై యుండునని లెక్క కట్టిరి. ఆ గూటి వయస్సు 41,000 సంవత్సరములని నిర్ణయించిరి. ఒకటి రెండు పెంకులు దొరకినచో ఎవరో ఎక్కడినుండియో తెచ్చి పడవేసినారని అనుకొనవచ్చును. గూడే దొరకినప్పుడు ఆ మాటకు తావు లేదు. పక్షి అక్కడనే కాపురముండెనని ఒప్పుకొనవలసినదే.

ఇది మన దేశమున మొదటి సాక్ష్యము కాదు. రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రములలో నలభైకి పైగా తావులలో ఈ పెంకులు దొరకి యున్నవి. మహారాష్ట్రములోని పాట్నే యను చోట దొరకిన సుమారు 25,000 ఏండ్లనాటి పెంకుపై మానవుడు గీసిన గీతలు కలవు. భీమ్‌బేట్కా రాతి ఆశ్రయములలో ఆ పెంకుతో చేసిన పూసలు లభించినవి. 2017లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతర సంస్థల వారితో కలిసి, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరకిన పెంకులనుండి జన్యు పదార్థమును వెలికి తీసి పరీక్షించిరి. మన దేశపు పాత పక్షి నేటి ఆఫ్రికా ఉష్ట్రపక్షికి దగ్గరి బంధువని అందుచే తేలినది. కనుక ఆఫ్రికాలోని పక్షి బ్రతుకును చూచి మన పాత పక్షి బ్రతుకును ఊహించుట తప్పు కాదు.

ఇక ఆ గ్రుడ్డు సంగతి చూతము. ప్రాణముతో నున్న పక్షులన్నింటిలో దీని గ్రుడ్డే పెద్దది. బరువు సుమారు కిలోన్నర. పొడవు 15 సెంటీమీటర్లు. పెంకు దళసరి సుమారు 2 మిల్లీమీటర్లు. రెండు డజన్ల కోడిగ్రుడ్లలోని సారము ఒక్క నిప్పుకోడి గ్రుడ్డులో నున్నదని చెప్పుదురు. ఎండిన బయలులో, చెట్టు చాటు గాని పుట్ట చాటు గాని లేని చోట, నేలను కాలితో గీరి చేసిన గుంటలో ఇట్టి గ్రుడ్లు ఇరువది ముప్పది పడియుండును. ఆకలిగొన్న జంతువునకు అది తెరచిన గాదె వంటిది.

ఆ గాదెకు వచ్చు దొంగలలో మొదట చెప్పదగినది నక్క. దాని పండ్లకు పెంకు లొంగదు. అందుచేత గ్రుడ్డును దొర్లించుకొని పోయి మరియొక గ్రుడ్డునకో రాతికో తాకించి పగులగొట్ట యత్నించును. దుమ్ములగొండికి అంత శ్రమ అవసరము లేదు. దుమ్ములనగా ఎముకలు, ఎముకలను పిండి చేయు దవడలు గలది గనుకనే మన పెద్దలు దానికా పేరు పెట్టిరి. ఎద్దు తొడ యెముకను నమలగల జంతువునకు గ్రుడ్డు పెంకు ఒక లెక్క కాదు. సింహములు సైతము ఒక్కొక్కప్పుడు గూటిని చెరచును. పెద్ద పక్షులను పట్టుటకు సింహము, చిరుత, చీతా, అడవికుక్కలు పొంచి యుండును. అయితే గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగల పక్షిని పట్టుట సులభము కాదు. మూలకు తరిమినచో అది ముందరికి తన్ను తాపు సింహమునకైనను ప్రమాదకరమే.

ఈ దొంగలలో కెల్ల నేర్పరి తెల్ల రాబందు. కాకికంటె పెద్దదై, తెల్లని రెక్కలు, పసుపుపచ్చని మొగము గల యీ పక్షి ముక్కు సన్నము. దానితో పొడిచినను గ్రుడ్డు పగులదు. చిన్న గ్రుడ్డయినచో ముక్కుతో ఎత్తి నేలకు వేసి కొట్టును. నిప్పుకోడి గ్రుడ్డును ఎత్తజాలదు గదా! అప్పుడది గుండ్రని రాతిని వెదకి, ముక్కున కరచుకొని వచ్చి, మెడ పైకెత్తి, గ్రుడ్డుపై విసరును. తగిలినను తగులకున్నను మరల మరల విసరుచునే యుండి, తుదకు పెంకును బీటలు వారించును. చింపాంజీల పరిశోధనకు ప్రసిద్ధి గాంచిన జేన్ గుడాల్, ఆమె భర్త హ్యూగో వాన్ లావిక్ తూర్పు ఆఫ్రికాలో దీనిని కన్నులార చూచి 1966లో ఒక విజ్ఞాన పత్రికలో ప్రకటించిరి. పనిముట్టును వాడుట మానవునికే చెల్లునని తలచు వారికి అది వింతగా తోచినది. ఇతర రాబందులను చూచి ఎరుగని పిల్లలను మనుష్యులు పెంచినప్పుడు అవియు పెద్దవై రాతిని విసరినవని 1989లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. అనగా ఆ విద్య గురుముఖమున నేర్చినది కాదు, పుట్టుకతో వచ్చినది.

ఇందరు దొంగల నడుమ ఈ పక్షి వంశము నిలిచిన విధమెట్టిది? ఆపద వచ్చినప్పుడు తలను ఇసుకలో దాచుకొనుననెడు కథ రోము నగరపు ప్లినీ నాటినుండి లోకమున వాడుకలో నున్నది. అది నిజము కాదు. గూటిపై కూర్చున్న పక్షి, శత్రువును కనినప్పుడు మెడను నేలకు చాచి కదలక యుండును. దూరమునుండి చూచువారికి అది ఒక మట్టిదిబ్బవలె కనబడును. పగటివేళ బూడిదవన్నె పెంటి, రాత్రివేళ నల్లని పోతు పొదుగును. వేళకు తగిన వన్నె గల పక్షియే కాపలాకు కూర్చుండును.

దీనిని మించిన ఉపాయము మరియొకటి కలదు. ఒకే గుంటలో పలు పెంటులు గ్రుడ్లు పెట్టును. వానిలో ఒకటి ప్రధానమైనది. పొదుగుట దానికిని పోతునకును మాత్రమే బాధ్యత. ఒడలి క్రింద ఇరువది గ్రుడ్లకు మించి ఇముడవు. అందుచేత ఆ ప్రధాన పెంటి మిగిలిన గ్రుడ్లను వెలుపలి వరుసకు త్రోసివేసి, తన గ్రుడ్లను నడుమ నుంచుకొనును. బ్రయన్ బర్ట్రామ్ అను శాస్త్రజ్ఞుడు కెన్యా దేశమున గ్రుడ్లకు గుర్తులు పెట్టి చూచి ఈ సంగతిని నిరూపించెను. నక్క వచ్చినను రాబందు వచ్చినను మొదట చేతికందునవి వెలుపలి గ్రుడ్లే. దొంగకు ఇవ్వవలసిన భాగమును ముందుగనే వేరు చేసి పెట్టిన ఇల్లాలు వంటిది ఆ పెంటి. దోపిడిని ఆపలేక, దానిని తన కాపురపు లెక్కలోనే కలుపుకొని, లక్షల యేండ్లు ఆ వంశము నిలిచినది.

త్రవ్వకములలో దొరకిన పెంకును చూచి దానిని పగులగొట్టిన వారెవరో చెప్పుట ఒక శాస్త్రము. పిల్ల లోపలినుండి బయటకు వచ్చిన పెంకు ఒక తీరు; పండ్లతో కొరికిన పెంకు అంచులు ఒక తీరు; మానవుడు రాతిపనిముట్టుతో తొలిచిన రంధ్రము మరియొక తీరు. ఆఫ్రికా దక్షిణభాగమున మానవుడు ఈ గ్రుడ్లకు రంధ్రము చేసి సారమును త్రాగి, ఖాళీ పెంకులను నీటికుండలుగా వాడెను. 60,000 ఏండ్లనాటి చెక్కడపు పెంకులు అక్కడ దొరకినవి. ఈ పరిశీలనలో పొరపడుటకును అవకాశము కలదు. మన దేశపు పెంకులపై గీతలను చూచి అన్నియు చిత్రకళయే అని కొందరు మురిసిరి. తరువాత పరీక్షించి చూడగా వానిలో చాల భాగము చెట్ల వేళ్ళు మున్నగు ప్రకృతి కారణములచే కలిగిన గుర్తులని రాబర్ట్ బెడ్నరిక్ తేల్చెను. పాట్నేలోని పెంకు మాత్రము నిజమైన చెక్కడముగా నిలిచినది.

ఇక ఆనాటి దొంగల ఆనవాళ్ళు మన సీమలో కలవా అని అడుగవచ్చును. ప్రకాశం జిల్లా నుండి నల్లమల దాటి పడమరకు వచ్చినచో బేతంచెర్ల ప్రాంతమున బిల్లసుర్గం గుహలు కలవు. సున్నపురాతి కొండలో నీరు తొలిచిన గుహలవి. 1844లో న్యూబోల్డ్ అను సైనికోద్యోగి వానిలోని ఎముకలను గూర్చి మొదట వ్రాసెను. పిదప 1884, 85 సంవత్సరములలో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అక్కడ త్రవ్వకములు జరిపి ఎముకలను రాసులుగా వెలికి తీసిరి. మన దేశపు పాతరాతియుగమును కనుగొన్న ఫుట్ ఈయనయే. ఆ ఎముకలను పరీక్షించి రిచర్డ్ లిడెక్కర్ 1886లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు కర్నూలు పేరనే వెలసిన యొక ఖడ్గమృగము కలదు. ముంగిసలు, అడవిపిల్లులు కలవు. మనకు ముఖ్యమైనది చుక్కల దుమ్ములగొండి. నేడు మన దేశమున నున్నది చారల దుమ్ములగొండి మాత్రమే. చుక్కలది ఆఫ్రికాలోనే మిగిలినది. అక్కడ నిప్పుకోడి గూళ్ళను చెరచు జంతువులలో నదియు నొకటి.

అదే గుహలను ఇటీవల నూతన పద్ధతులతో పరిశీలించిన వారు మరియొక సంగతిని 2014లో తెలిపిరి. గడచిన 2,00,000 ఏండ్లలో అక్కడ కనబడు స్తన్యజంతువులలో దాదాపు అన్నియు మన ఉపఖండమున ఎక్కడనో ఒకచోట మిగిలియే యున్నవట. ఐరోపాలోను, అమెరికాలోను మంచుయుగము ముగియువేళకు పెద్ద జంతువులు గుంపులు గుంపులుగా నశించినవి. మన గడ్డపై అట్టి ఊచకోత జరుగలేదు. అడవి, బయలు, గుట్ట, ఏరు పక్కపక్కనే యుండుటచేత ఒకచోట కరువు వచ్చిన జంతువు మరియొక చోటికి తరలి ప్రాణము నిలుపుకొనినదని పండితుల అభిప్రాయము. అయినను నిప్పుకోడి మాత్రము నిలువలేదు. మంచుయుగపు చివరి కాలమున వాతావరణము మారుటయు, గ్రుడ్లను కొల్లగొట్టిన మానవుని వేటయు కారణములుగా చెప్పబడుచున్నవి. ఆస్ట్రేలియాలో జెనియోర్నిస్ అను పెద్ద పక్షి అంతరించుటకును మానవుడు గ్రుడ్లను కాల్చుకొని తినుట ఒక కారణమని అక్కడి కాలిన పెంకులను చూచి వాదించిన వారు కలరు. నక్క వెలుపలి వరుసతో తృప్తి చెందును. మానవుడు మొలక గంపలో నడుమ గ్రుడ్లను గూడ ఎత్తుకొనిపోగలడు. తేడా అంతయు అందున్నది.

ఇప్పుడు అనంతపురపు మెట్టలకు వత్తము. అక్కడ నిప్పుకోడి తిరిగెనని నిశ్చయముగా పలుకుటకు అక్కడ పెంకు దొరకవలెను. కాని దాని దొంగల కొలువును చూడవలెనన్న అంతకు మించిన చోటు లేదు. పడమటి కనుమల చాటున పడుటచే నైరుతి ఋతుపవనము ఇచ్చట చిక్కిపోవును. ఈశాన్య ఋతుపవనము వచ్చునప్పటికి అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. పెన్న, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో ఎక్కువ దినములు ఇసుకయే. గుండ్రాళ్ళ గుట్టలు, వాని నడుమ గడ్డి బయళ్ళు, ముళ్ళపొదలు. చెట్టు దట్టమైన చోట నిప్పుకోడి బ్రతుకజాలదు. ఇట్టి చోటనే బ్రతుకగలదు.

ఆ బయళ్ళలో గొర్రెలమందల వెంట తోడేలు నేటికిని తిరుగును. గుట్టల బిలములలో దుమ్ములగొండి పగలు పండుకొని రాత్రి బయలుదేరును. నక్క, గుంటనక్క, ఉడుము, ముంగిస నేల గూళ్ళను వెదకుచునే యుండును. తెల్ల రాబందు మన తెలుగువారికి తెలియని పక్షి కాదు. మదరాసు వద్దనున్న తిరుక్కళుకుండ్రమును మనవారు పక్షితీర్థమందురు. అక్కడ మధ్యాహ్నవేళ అర్చకుని చేతి ప్రసాదమును ఆరగించుటకు వచ్చిన పవిత్ర పక్షులు ఇవియే. దక్షిణభారతపు ఈ ఉపజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గూడ మన పొరుగునున్న సెంజికోట పేరే. ఆఫ్రికాలో గ్రుడ్డుపై రాయి విసరు దొంగయు, పక్షితీర్థమున ప్రసాదము నందుకొనిన ఋషియు ఒకే జాతివారు! రాయి విసరదగిన గ్రుడ్డు మాత్రము మన నేలపై లేకపోయినది.

దొంగల వరుసలో ఒకరు ముందే వెడలిపోయిరి. దక్కను బయళ్ళలో జింకలను తరిమిన చీతా మన దేశమున 20వ శతాబ్ది నడుమ అంతరించినది. 1952లో చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనబడినదని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో అచ్చయిన వార్త మన సీమలో దాని చివరి జాడలలో నొకటి. 2022లో ఆఫ్రికానుండి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునోలో మరల విడిచిరి.

నిప్పుకోడి పోయిన పిదప నేలపై గ్రుడ్డు పెట్టు పెద్ద పక్షిగా మెట్టలలో మిగిలినది బట్టమేక. మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో నదొకటి. ఇదియు గడ్డి బయలులో వట్టినేలపై గ్రుడ్డు పెట్టును. కాని నిప్పుకోడి వలె వెలుపలి వరుస యను ఏర్పాటు దీనికి లేదు. పెట్టునది ఒకే గ్రుడ్డు. పెంటి యొక్కటియే సుమారు 27 దినములు పొదుగును. నక్క గాని ఉడుము గాని వచ్చినచో రెక్కలు విప్పి బెదరించును. గాయపడినట్లు నటించి శత్రువును దూరముగా తీసికొనిపోవును. గ్రుడ్డు పోయినచో మరియొకటి పెట్ట యత్నించును. ఏడాదికి ఒక్క పిల్లను పెంచుటయే గగనము. అయినను దీర్ఘాయువు గల పక్షి గనుక, ఎన్ని గ్రుడ్లు పోయినను, జీవితకాలమున రెండు మూడు పిల్లలు పెరిగినచో వంశము నిలుచును. వేల యేండ్లుగా తోడేళ్ళ నడుమ, నక్కల నడుమ అట్లే నిలిచినది.

ఆ లెక్కను చెరచినవాడు నాలుగుకాళ్ళ దొంగ కాడు. 1809 మొదలు 1829 వరకు ఇరువది యేండ్లలో అహ్మద్‌నగర్ ప్రాంతమున రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అను ఒక్క వేటగాడు 961 బట్టమేకలను కాల్చి చంపెనని లెక్క కలదు. ఏ తోడేలు గాని ఏ దుమ్ములగొండి గాని అంత పని చేయజాలదు. ఏలయన అవి చంపునది పెరిగిన పక్షిని కాదు, గ్రుడ్డును. గ్రుడ్డు పోయినచో మరియొక గ్రుడ్డు వచ్చును. పదియేండ్లు గ్రుడ్లు పెట్టదగిన తల్లి పోయినచో పది యేండ్ల గ్రుడ్లు పోయినట్లే. అరేబియా ఎడారులలోని నిప్పుకోడి చరిత్రయు నిట్టిదే. అక్కడను దుమ్ములగొండులు, నక్కలు ఉండెను. వేల యేండ్లు పక్షియు నుండెను. తుపాకియు మోటారు బండియు వచ్చిన కొలది కాలమునకే, 20వ శతాబ్ది నడిమి నాటికి, ఆ పక్షి అంతరించినది.

బట్టమేకను కాపాడుటకు కర్నూలు జిల్లా రోళ్ళపాడులో, నేడది నంద్యాల జిల్లా, 1988లో అభయారణ్యము నెలకొల్పిరి. విస్తీర్ణము 614 హెక్టార్లు. అంతకు ముందే బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పక్షాన అసద్ రహమానీ మున్నగువారు అక్కడ మకాముండి పక్షుల బ్రతుకును గమనించిరి. కంచె లోపల కృష్ణజింకలు పెరిగినవి. కాని బట్టమేకకు కంచె తెలియదు. అది చుట్టుపట్ల బీళ్ళలోను, జొన్న, కొర్ర, ఆముదము వంటి మెట్టపైరులలోను మేసి తిరుగు పక్షి. కాలువ నీరు వచ్చి, మెట్టపైరు పోయి, బీడు దున్నబడిన కొలది పక్షికి తిరుగు నేల తగ్గినది. తీగలు సాగినవి, బరువైన పక్షి ఎదుటిచూపు తక్కువది గనుక విద్యుత్తు తీగలను తప్పించుకొనలేక తగిలి చచ్చును. ఊరకుక్కలు గుంపులు కట్టి బయళ్ళలో తిరుగసాగినవి. తోడేలు తన మేరలో ఒక కుటుంబముగా తిరుగును; కుక్కకు ఊరి కూడు తోడుగా నుండుటచే దాని సంఖ్యకు హద్దు లేదు. ఒకప్పుడు గుంపుగా కనబడిన చోట ఇటీవలి యేండ్లలో ఒక్క పక్షి కనబడినను అదియే పెద్ద వార్త. దేశమంతట మిగిలినవి నూట యేబదికి లోపని అంచనా. సలీం ఆలీ గారు జాతీయపక్షిగా నుండదగినదని సూచించిన పక్షి యిది.

నేలపై గ్రుడ్డు పెట్టు మరియొక పక్షి కథ అనంతపురమునకు మరింత దగ్గరది. కలివికోడిని 1848లో జెర్డన్ దొర లోకమునకు తెలిపెను. 1900లో హోవర్డ్ క్యాంబెల్ అనంతపురము ప్రాంతమున దానిని చూచిన పిదప ఎనుబదియారేండ్లు అది ఎవరికిని కనబడలేదు. 1986 జనవరిలో కడప జిల్లాలో భరత్ భూషణ్ గారు స్థానిక వేటగాండ్ర సహాయమున దానిని మరల కనుగొనిరి. దాని గ్రుడ్డు ఎట్లుండునో శాస్త్రజ్ఞులకు తెలియదు. తుదకు స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఒక గ్రుడ్డు బయల్పడినది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతమున పనిచేసిన మీటన్ అను పశువైద్యుడు సేకరించినదది. జన్యు పరీక్షలో అది కలివికోడిదేయని 2013లో వెల్లడి యైనది. అన్ని యేండ్లు వెదకిన గ్రుడ్డును చూపినది నక్క పొదలో మిగిల్చిన పెంకు కాదు. మనుష్యుడు పెట్టెలో దాచిన పెంకు.

ఇంతలో దొంగల గతియు మారినది. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందులకు విషమైనది. 2006లో పశువైద్యమున దానిని నిషేధించునాటికే రాబందుల జాతులు కుప్పకూలినవి. తెల్ల రాబందు గూడ ప్రమాదస్థితిలోని పక్షుల పట్టికకెక్కినది. పక్షితీర్థమున ఆ పక్షుల రాక 1990ల తుదకు నిలిచిపోయినది. తోడేలును గొర్రెల కాపరులు శత్రువుగా చూతురు. దుమ్ములగొండి గుట్ట రాతి క్వారీ యగుచున్నది. గ్రుడ్డు పోయిన చోట దొంగ మాత్రము సుఖముగా నున్నాడనుకొనుట పొరపాటు. బయలు ఒక్కటే, అది తరిగినచో ఇద్దరికిని ఇల్లు తరిగినట్లే.

నేడు రాజస్థాన్‌లో బట్టమేక గ్రుడ్లను బయళ్ళనుండి మనుష్యులే ముందుగా తీసికొనిపోయి, యంత్రములలో పొదిగించి, పిల్లలను పెంచుచున్నారు. 2019లో మొదటి పిల్లలు పుట్టినవి. 2024లో కృత్రిమ గర్భధారణచే గూడ పిల్ల పుట్టినది. నక్కకంటె ముందుగా మనుష్యుడు గూటికి చేరి, గ్రుడ్డును తినుటకు కాక కాచుటకు ఎత్తుకొనిపోవుట ఈ పక్షుల సుదీర్ఘ చరిత్రలో క్రొత్త ఘట్టము. అది ప్రశంసింపదగిన పని. కాని పెరిగిన పిల్లను విడుచుటకు బయలు కావలెను గదా!

రెవెన్యూ దస్తరములలో గడ్డి బయలునకు మంచి పేరు లేదు. అది బంజరు, బీడు, పోరంబోకు. పంట పండని నేల పనికిరాని నేలయని మన తలంపు. అందుచేత కాలువకైనను, గాలిమరకైనను, సౌరఫలకములకైనను మొదట చూచునది ఆ నేలనే. కరువు సీమకు నీరు వలదని గాని, విద్యుత్తు వలదని గాని ఎవరును అనరు. అనంతపురపు రైతు కష్టమును ఎరిగినవారికి ఆ మాట నోట రాదు. అయితే దున్నని యొక బయలును బయలుగానే ఉంచుటయు ఒక వినియోగమే యని దస్తరమున ఒక గడి యుండవలెను. అందు గొర్రె మేయును, జింక తిరుగును, పక్షి గ్రుడ్డు పెట్టును. నక్కయు తన భాగమునకై వచ్చును. వచ్చిన నక్కను తరుముట కాదు మన పని. వెలుపలి వరుస గ్రుడ్డును దానికి విడిచి, నడుమ గ్రుడ్డును నిలుపుకొనునంత నేలను ఆ తల్లిపక్షికి మిగుల్చుటయే మన పని.